గూగుల్ క్యాలెండర్ రివ్యూ: ఆఫీసుకి కాదు, ఇంటికి

ముందే చెప్తున్నా, ఇది ఆఫీసుల్లో మీటింగులు పెట్టుకునేవాళ్ల కోసం రాస్తున్న రివ్యూ కాదు, వాళ్లకి ఈ యాప్ గురించి నాకంటే బాగా తెలుసు. నేను రాసేది ఇంటి సంగతి. మాది కర్నూలు, బాడుగ ఇల్లు, నేను ప్రైవేట్ స్కూల్లో టీచర్, మా ఆయనకి విత్తనాలు ఎరువుల షాపు, ఇద్దరు పిల్లలు, మా అత్త. ఈ అయిదుగురికి సంబంధించిన తేదీలన్నీ, అంటే ఎవరి ఫీజు ఎప్పుడు, ఏ బిల్లు ఎప్పుడు, ఎవరి పెళ్లికి ఎవరు పోవాలి, గ్యాస్ ఎప్పుడు బుక్ చేసినాం, అన్నీ ఒక్క మనిషి తలకాయలో ఉండేవి, ఆ మనిషి ఎవరో మీకు చెప్పక్కర్లేదు కదా. ఇంట్లో ఎవరికి ఏ డౌట్ వచ్చినా "ఏమే, అది ఎప్పుడు" అని నన్నే అడగడం. నిద్రలో లేపి అడిగినా చెప్పాలి.

ఈ యాప్ కొత్తదేం కాదు, 2006లో వచ్చింది, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో కొన్నప్పుడే ఉంటుంది, జీమెయిల్ ఉంటే చాలు, పైసా కట్టక్కర్లేదు. ఫోన్ భాష తెలుగు పెట్టుకుంటే ఇది కూడా తెలుగులో కనిపిస్తుంది, ఈవెంట్ పేర్లు తెలుగులో టైప్ చేసుకోవచ్చు, నేనట్లే రాస్తా. మార్కులు ముందే వేసేస్తా, చివరిదాకా చదివే ఓపిక లేనోళ్లకి: నెలకో ఏడాదికో ఒకసారి వచ్చే తేదీలు గుర్తు చేయడానికి పదికి తొమ్మిది. ఇంట్లో వాళ్లందరికీ ఒకే సమాచారం ఉండటానికి ఎనిమిది, రొంత కష్టపడితే. రోజువారీ పనులు గంట గంటకి ప్లాన్ చేసుకోడానికి నాలుగు, అది కూడా దయతలచి.

ఎందుకో ఒక్కోటి చెప్తా.

దీంట్లో నాకు అన్నిటికంటే నచ్చింది రిపీట్. ఒకసారి పెడితే చాలు, ప్రతినెలా, ప్రతి ఏడాదీ, లేదంటే కస్టమ్ లోకి పోయి "ప్రతి 4 నెలలకి" అని కూడా పెట్టుకోవచ్చు. ఈ నాలుగు నెలల లెక్క ఎందుకు పనికొచ్చిందంటే దీపం గ్యాస్ సిలిండర్లు. మన రాష్ట్రంలో ఏడాదికి మూడు ఫ్రీ సిలిండర్లు ఇస్తున్నారు కదా, అవి ఎప్పుడుపడితే అప్పుడు కాదు, నాలుగు నెలలకొకటి, ఏప్రిల్ నుంచి జులై ఒక విడత, ఆగస్టు నుంచి నవంబర్ ఒకటి, డిసెంబర్ నుంచి మార్చి ఒకటి, ఏ విడతది ఆ విడతలోనే బుక్ చేసుకోవాలి. ఆఖరి నెల చివర్లో అందరూ ఒక్కసారి గ్యాస్ ఏజెన్సీకి ఫోన్లు చేసే గోల మనకెందుకని నేను విడత మొదలైన రెండో వారంలోనే వచ్చేటట్టు పెట్టుకున్నా. ముందు డబ్బులు మనమే కట్టాలి, తర్వాత అకౌంట్లో పడతాయి, కాబట్టి పడినాయా లేదా చూడమని ఇంకొక చిన్న ఈవెంట్, నాలుగు రోజుల తర్వాతకి. ఈ రెండోది పెట్టుకోండి, డబ్బులు పడినాయా లేదా అని ఎవరూ చూసుకోరు.

అట్లాగే మా అత్త పెన్షన్. 1వ తేదీ పొద్దున్నే సచివాలయం వాళ్లు ఇంటికొచ్చి ఇస్తారు, మనిషి ఇంట్లో ఉండాలి, వేలిముద్రో ముఖమో చూపించాలి. మా అత్తకి నెలాఖర్లోనే మా ఆడబిడ్డ ఊరికి పోవాలనిపిస్తాది ఎందుకో! ప్రతినెలా 1 అని రిపీట్ పెట్టేస్తే అయిపోయింది అనుకుంటాం కానీ ఇక్కడొక మెలిక ఉంది. 1వ తేదీ ఆదివారం అయితే ముందురోజే ఇస్తుంటారు. యాప్‌కి ఆ సంగతి ఎట్ల తెలుస్తుంది? అందుకని నేను 1వ తేదీకి కాకుండా 28వ తేదీకి పెట్టినా, "అత్తని ఊరికి పంపొద్దు, 1 ఏ వారమో చూడు" అని. 28 ఎందుకంటే ఫిబ్రవరిలో కూడా 28 ఉంటుంది. నవ్వకండి, ఇది నిజంగా పనికొచ్చే ముక్క: గూగుల్ క్యాలెండర్‌లో ప్రతినెలా 31 అని రిపీట్ పెడితే 31 లేని నెలల్లో ఆ ఈవెంట్ రానే రాదు, 30కి జరగదు, గమ్మున ఆ నెల వదిలేస్తుంది. ఏప్రిల్, జూన్, సెప్టెంబర్, నవంబర్, ఫిబ్రవరి, అయిదు నెలలు గల్లంతు. నెలాఖరు పనులేవైనా ఉంటే 28కి పెట్టుకోండి.

ఏడాదికి ఒకసారి వచ్చేవి ఇంకా ముఖ్యం, ఎందుకంటే నెలనెలా వచ్చేవి ఎట్లోకట్ల చేతికి అలవాటైపోతాయి, ఏడాదికోసారి వచ్చేది మనిషికి అలవాటు కాదు. బండి ఇన్సూరెన్స్ ఉంది. అయిపోయిన తేదీ నుంచి 90 రోజుల్లోపు రెన్యూవల్ చేసుకోకపోతే ఇన్నేళ్లు క్లెయిమ్ చేయనందుకు వచ్చే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. అంతకంటే ముందు, ఇన్సూరెన్స్ లేకుండా బండి రోడ్డు మీదికి తీయడమే తప్పు, అది వేరే సంగతి. ఎల్‌ఐసీ ప్రీమియం ఉంది, ఏడాదికో ఆరునెలలకో మూడునెలలకో కట్టేవాళ్లకి గడువు దాటినాక ఇంకో 30 రోజులు టైమిస్తారు, నెలనెలా కట్టేవాళ్లకి 15 రోజులే. నేను గడువు తేదీ ఒకటే పెట్టి ఊరుకోను. ఒకే ఈవెంట్‌కి రెండు మూడు నోటిఫికేషన్లు పెట్టుకునే వీలుంది, రెండు వారాల ముందు ఒకటి, రెండు రోజుల ముందు ఒకటి. రెండు వారాల ముందుది డబ్బులు సర్దుకోడానికి, రెండు రోజుల ముందుది కట్టడానికి. జీతం వచ్చి చేతిలో రొంత డబ్బులు ఉన్నప్పుడే తెలిస్తే ఆ డబ్బు పక్కన పెడతాం, కట్టే రోజు పొద్దున తెలిస్తే ఎవరినో అడగాల్సి వస్తాది. టైమ్ సర్దుకోవడం గురించి ఎవరైనా చెప్పేటప్పుడు డబ్బు సంగతి తీయరు ఎందుకో, మన ఇళ్లల్లో ఈ రెండూ ఒకటే కదప్పా.

నోటిఫికేషన్‌కి ఒక హద్దు ఉంది, ఎక్కువలో ఎక్కువ నాలుగు వారాల ముందు వరకే పెట్టుకోనిస్తుంది. ఇది ఎక్కడ అడ్డమొస్తుందంటే రైలు టికెట్ల దగ్గర. మా తమ్ముడు బెంగళూరులో ఉంటాడు, సంక్రాంతికి రావాలి, లేదా మేము పోవాలి, కర్నూలు సిటీ మీదుగా కాచిగూడ నుంచి యశ్వంత్‌పూర్ పోయే వందే భారత్ ఉంది, వేరే రైళ్లు ఉన్నాయి, కానీ పండగ టికెట్లు ఓపెన్ అయిన పొద్దున్నే అయిపోతాయి. 2024 నవంబర్ నుంచి రిజర్వేషన్ 120 రోజుల ముందు కాకుండా 60 రోజుల ముందే మొదలవుతుంది, పొద్దున 8 గంటలకి. అంటే జనవరి 13 ప్రయాణానికి నవంబర్ 14న కూర్చోవాలి. పండగ రోజుకి ఈవెంట్ పెట్టి రెండు నెలల ముందు గుర్తు చెయ్యి అంటే యాప్ ఒప్పుకోదు, అందుకని నవంబర్ 14కే విడిగా ఈవెంట్ పెట్టుకోవాలి, దాన్ని ప్రతి ఏడాదీ రిపీట్ చేసుకోవచ్చు. తమ్ముడికి కూడా అదే ఈవెంట్‌కి ఇన్వైట్ పంపినా. వాడు యాక్సెప్ట్ నొక్కి ఊరుకుంటాడు, చేసేది నేనే, అయినా "నాకు తెలీదక్కా" అనే మాట మాత్రం ఆగింది.

ఇప్పుడు షేరింగ్ సంగతి. అసలు నేను దీన్ని ఇంటికి తెచ్చిందే అందుకు. ఒక కొత్త క్యాలెండర్ చేసి "ఇల్లు" అని పేరు పెట్టి మా ఆయనకి, పెద్దపిల్లకి షేర్ చేసినా. ఇది ఫోన్లో కుస్తీ పట్టేకంటే కంప్యూటర్ బ్రౌజర్‌లో చేసుకుంటే సులువు, స్కూల్లో ల్యాబ్‌లోనో ఇంటర్నెట్ సెంటర్‌లోనో ఒక పావుగంట పని, ఇంటర్నెట్ సెంటర్ అయితే లేచేముందు లాగౌట్ కావడం మర్చిపోకండి. షేర్ చేసేటప్పుడు ఎవరికి ఎంత అధికారం ఇవ్వాలో అడుగుతుంది: ఖాళీయా బిజీయా అన్నంతవరకే చూడనివ్వడం ఒకటి, వివరాలన్నీ చూడనివ్వడం ఒకటి, మార్చనివ్వడం ఒకటి, ఇంకొకరికి షేర్ చేసే అధికారం కూడా ఇవ్వడం ఒకటి. మా ఆయనకి మార్చే అధికారం ఇచ్చినా, పెద్దపిల్లకి చూడటం వరకే.

ఇక్కడ కొత్తగా వాడేవాళ్లు ఒకటి బాగా పట్టుకోవాలి. ప్లస్ నొక్కితే ఈవెంట్ అని ఒకటి, టాస్క్ అని ఒకటి వస్తాయి. రెండూ ఒకటే కాదు. ఇంతకుముందు రిమైండర్ అని ఉండేది, 2023లో దాన్ని తీసేసి టాస్క్స్‌లో కలిపేసినారు. ఈవెంట్ అంటే టైమ్ అయిపోతే వెళ్లిపోతుంది, పని జరిగిందా లేదా దానికి పట్టదు. టాస్క్ అంటే మనం టిక్ పెట్టేదాకా పెండింగ్ అని కనిపిస్తూనే ఉంటుంది. అబ్బ, ఇదేదో బాగుందని అన్నీ టాస్కులే పెట్టారనుకోండి, అవి మీ ఒక్కరికే కనిపిస్తాయి, క్యాలెండర్ షేర్ చేసినా ఇంట్లో వాళ్లకి మీ టాస్కులు కనపడవు. కాబట్టి నేను పెట్టుకున్న పద్ధతి: ఇంట్లో ఇంకొకరికి తెలియాల్సింది ఈవెంట్, నేను ఒక్కదాన్ని చేసి ముగించాల్సింది టాస్క్. పేరెంట్స్ మీటింగ్ ఈవెంట్. పేపర్లు దిద్దడం టాస్క్. ఎల్‌ఐసీ రెండూ, ఎందుకంటే కట్టేదాకా అది కళ్ల ముందు ఉండాలి, కట్టాల్సి ఉందని మా ఆయనకీ తెలియాలి.

మా ఆయన మొదట ఒప్పుకోలేదు. "షాపులో యాభై మంది వస్తారు పోతారు, నేను ఫోన్ చూస్కుంటా కూచోనా" అన్నాడు. ఆయన్ని మార్చింది ఇంటి క్యాలెండర్ కాదు, చెక్కులు. విత్తనాల కంపెనీలకి, డీలర్లకి ముందు తేదీలేసి చెక్కులు ఇస్తుంటాడు, ఏ చెక్కు ఏ తేదీకి బ్యాంకులో పడుతుందో ఒక చిన్న పాకెట్ బుక్కులో రాసుకునేవాడు, ఆ బుక్కు ఒక చొక్కాలో ఉంటే ఆయన ఇంకో చొక్కాలో ఉంటాడు. "షాపు" అని వేరే క్యాలెండర్ చేసి చెక్కు తేదీ, మొత్తం, ఎవరికి అనేది వివరాల్లో రాసి మూడు రోజుల ముందు నోటిఫికేషన్ పెట్టిచ్చినా. చెక్కు మీద వేసిన తేదీ నుంచి మూడు నెలలు చెల్లుతుంది కదా, అవతలివాళ్లు ఆలస్యంగా వేసుకునే రకమైతే మూడునెలల చివరి తేదీ కూడా రాసి పెట్టుకున్నాడు, అది ఆయన సొంత ఐడియా. ఆ నెల నుంచి ఎవరూ చెప్పకుండానే ఫోన్ చూసుకుంటున్నాడు. విత్తనాల లైసెన్స్, తూనికల కాటాకి ముద్ర వేయించే తేదీ, అన్నీ ఆయనే పెట్టుకున్నాడు. షాపు క్యాలెండర్ పిల్లకి షేర్ చేయలేదు, ఎవరికి ఎంత ఇవ్వాలో పిల్లలకెందుకు. ఒకే ఫోన్లో రెండు మూడు క్యాలెండర్లు వేరు వేరు రంగుల్లో పెట్టుకుని కావాలంటే చూపించి వద్దంటే దాచేయొచ్చు, ఇది బాగుంటుంది. రంగులకి టమాటా, అరటిపండు, ద్రాక్ష, బ్లూబెర్రీ అని పేర్లు పెట్టినారు, ఎవరో బాగా ఆకలి మీద ఉన్నోళ్లు పెట్టినట్టున్నారు.

సరే, ఇప్పుడు దీనికి చేతగాని సంగతులు.

మొదటిది తిథి. మా మామ తద్దినం మాఘ బహుళ పంచమి. యాప్‌లో ప్రతి ఏడాదీ రిపీట్ అంటే ఇంగ్లీషు తేదీకే రిపీట్ అవుతుంది. మన చాంద్రమానం ఏడాది 354 రోజులు, ఇంగ్లీషు ఏడాది 365, అందుకని తిథి ప్రతి ఏడాదీ పదీ పదకొండు రోజులు ముందుకొస్తుంది, మళ్ల రెండు మూడేళ్లకోసారి అధిక మాసం వచ్చి ఒకేసారి వెనక్కి పోతుంది. ఉగాదే చూడండి, 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30, 2026లో మార్చి 19, ఆ ఏడాది అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి 2027లో మళ్ల ఏప్రిల్ 7. ఉగాది, దసరా లాంటి పెద్ద పండగలు అయితే భారత సెలవుల క్యాలెండర్ ఆన్ చేసుకుంటే అవే వస్తాయి, మన ఇంటి తిథులు ఎవరు చెప్తారు?

మా అత్త అడిగింది, "నీ ఫోన్‌కి తిథి తెల్దా?"

"తెల్దత్తా."

"మరి అంత డబ్బు పోసి ఎందుకు కొన్నారు దాన్ని?"

దానికి నా దగ్గర జవాబు లేదు. దీనికి మేం చేసేదేమంటే ఉగాదికి కొత్త పంచాంగం తెచ్చినాక అత్త, నేను కూర్చుని, ఆమె తిథి చెప్తుంటే నేను ఆ ఏడాది తేదీ చూసి "తిథులు" అని వేరే క్యాలెండర్‌లో రిపీట్ లేకుండా ఒక్కో ఈవెంట్ ఎక్కిస్తా: మామ తద్దినం, మా చిన్నోడి నక్షత్రం పుట్టినరోజు, మంత్రాలయం పోయే గురువారాలు, ఆమె చేసే సంకటహర చవితి ఉపవాసాలు. తద్దినానికి మాత్రం సూర్యోదయానికి ఉన్న తిథి కాదు, అపరాహ్ణంలో, అంటే మధ్యాహ్నం దాటినాక, ఉన్న తిథి లెక్క, గోడ క్యాలెండర్ గడిలో చూసి పెట్టేస్తే ఒక్కోసారి ఒక రోజు తేడా వస్తుంది, కాబట్టి ఆ ఒక్కటి పంతుల్ని అడిగి పెట్టుకోండి. ఒక అరపూట పని. పంచాంగం యాప్‌లు విడిగా ఉన్నాయి, అవి తిథులు చూపిస్తాయి కానీ చాలావాటిలో అడుగడుగునా యాడ్‌లు, జాతకం చూపిస్తామని పీడించడం, మా అత్తకి అది అసలు నచ్చలేదు.

అత్త గురించి ఇంకొకటి. రాహుకాలం కూడా పెట్టమంది. అది సులువే, వారాన్ని బట్టి ఉంటుంది కాబట్టి వారం వారం రిపీట్ అవుతుంది, సోమవారం 7:30 నుంచి 9, శనివారం 9 నుంచి 10:30, శుక్రవారం 10:30 నుంచి 12, బుధవారం 12 నుంచి 1:30, గురువారం 1:30 నుంచి 3, మంగళవారం 3 నుంచి 4:30, ఆదివారం 4:30 నుంచి 6. ఏడు ఈవెంట్లు పెట్టేసినా. పెట్టినాక చూస్తే రోజుకి గంటన్నర బూడిద రంగు దిమ్మె క్యాలెండర్‌లో కూచుంది, సోమవారం సరిగ్గా పిల్లలు స్కూలుకి బయలుదేరే టైమ్. వేరే క్యాలెండర్‌గా చేసి దాచిపెట్టినా, పెళ్లి మాటలప్పుడో బండి కొనేటప్పుడో టిక్ పెడితే కనిపిస్తుంది. స్కూల్ బస్సు రాహుకాలం చూసుకుని రాదు కదా.

రెండోది, మోగడం. ఇది నోటిఫికేషన్ మాత్రమే, అలారం కాదు. ఒకసారి టింగుమంటుంది, అంతే. మీరు వంటింట్లో మిక్సీ వేసి ఉంటే వినపడదు. పొద్దున నాలుగున్నరకి లేవాలి, ఆరింటికి బస్సు పట్టుకోవాలి లాంటివాటికి దీన్ని నమ్మకండి, క్లాక్ యాప్‌లో అలారం పెట్టుకోండి. ఇంకొక తలనొప్పి ఫోన్ల వైపు నుంచి. కొన్ని కంపెనీల ఫోన్లు బ్యాటరీ మిగల్చాలని వెనకాల నడిచే యాప్‌లని ఆపేస్తాయి, అప్పుడు పొద్దున పదింటికి రావాల్సిన నోటిఫికేషన్ మాపటికి మనం ఫోన్ తెరిచి యాప్ ముట్టుకున్నప్పుడు వస్తుంది. మా ఆయన ఫోన్ అట్లాంటిదే, పేరెందుకులెండి. ఫోన్ సెట్టింగ్స్‌లో యాప్స్‌లోకి పోయి క్యాలెండర్ తీసి, బ్యాటరీ దగ్గర నో రిస్ట్రిక్షన్స్ అనో అన్‌రిస్ట్రిక్టెడ్ అనో ఉంటుంది, అది పెట్టి, ఆటోస్టార్ట్ అని ఉంటే అది కూడా ఆన్ చేయండి. ఇది చేయకుండా యాప్ పనిచేయదని తిట్టేవాళ్లు శానా మంది ఉన్నారు. పెట్టినాక ఒక ఉత్తుత్తి ఈవెంట్, పది నిమిషాల తర్వాతకి, పెట్టి ఫోన్ పక్కన పడేసి చూడండి, వస్తే సరే.

మూడోది, ముఖ్యమైనది. యూట్యూబ్‌లో చూసి నేను కూడా టైమ్ బ్లాకింగ్ చేసినా. అంటే రోజంతా గడులు గడులుగా విడగొట్టుకోవడం, 5 నుంచి 6 వంట, 6 నుంచి 6:30 నడక, సాయంత్రం 5 నుంచి 6 పేపర్లు దిద్దడం, 6 నుంచి 7 చిన్నోడికి చదువు. ఆఫీసు గదిలో తలుపేసుకుని కూచునే మనిషికి అది బాగుంటుందేమో. మా వీధిలో మున్సిపాలిటీ నీళ్లు వచ్చే టైమ్ నా చేతిలో లేదు, ఎండాకాలం తుంగభద్రలో నీళ్లు తగ్గితే అదీ ఇదీ ఉండదు, పైపులో గాలి చప్పుడు వినపడితే ఏ గడిలో ఉన్నా లేచి పోవాల్సిందే. ఎలక్ట్రీషియన్ "వస్తున్నా మేడం" అంటే అది ఏ రోజో ఆయనకే తెలీదు. టైలర్ బ్లౌజు ఇస్తానన్న తేదీ క్యాలెండర్‌లో రాసుకోవడం అంత అమాయకత్వం ఇంకోటి లేదు. జూన్‌లో వానలు పడితే మా ఆయన షాపు నుంచి ఎన్నింటికి వస్తాడో దేవుడికి తెలియాలి, వేరుశనగ విత్తనాలకి పల్లెల నుంచి వచ్చిన మనుషులు పోయేదాకా షట్టర్ దించడానికి లేదు, వానలు పడకపోతే ఏడింటికే ఇంటికొచ్చి దిగాలుగా కూచుంటాడు. ఇట్లాంటి ఇంట్లో గంటలవారీ గడులు వేస్తే సాయంత్రానికి క్యాలెండర్ నిండా జరగని పనులే కనిపిస్తాయి, వాటిని రేపటికి జరపడానికి ఇంకో పావుగంట.

అందుకని గంటలు వదిలేసి పూటలు పెట్టుకున్నా. టైమ్ లేకుండా రోజంతా ఈవెంట్ అని పెట్టి పేరు ముందు "పొద్దున", "మాపు" అని రాస్తా. "మాపు: సీ క్యాంప్ రైతుబజార్". "పొద్దున: కరెంట్ బిల్లు". ఒక పూటకి రెండే పనులు, మూడోది వస్తే ఇంకో రోజుకి. టైమ్ నిజంగా గడియారం ప్రకారం ఉండేవాటికి మాత్రమే టైమ్ వేస్తా: డాక్టర్ అపాయింట్‌మెంట్, రైలు, స్కూల్ పరీక్ష, ఐఆర్‌సీటీసీ. ఇట్ల చేసినాక ఫోన్ మోగిందంటే నిజంగా లేవాల్సిన పనే అని ఇంట్లో అందరికీ అర్థమైంది. అంతకుముందు రోజుకి పదిసార్లు టింగుమంటుంటే ఎవరూ చూసేవాళ్లు కాదు, నేనూ చూసేదాన్ని కాదు.

ఇంక గోడ క్యాలెండర్. యాప్ వచ్చింది కదా అని దాన్ని తీసేస్తారేమో, వద్దు. వంటింట్లో మేకుకి వేలాడే క్యాలెండర్ పని వేరు. పాలోడు రాని రోజు సున్నా చుట్టడం, ఒక లీటరు ఎక్కువ పోసిన రోజు ఒకటి వేయడం, సిలిండర్ మార్చిన రోజు, పనామె సెలవు పెట్టిన రోజు, ఇవన్నీ జరిగిపోయినవి, జరగబోయేవి కాదు. ఆ లెక్కలకి తడి చేత్తో పెన్సిల్ పట్టుకుని గీయడమే తొందర. ఫోన్ తీసి లాక్ తెరిచి యాప్‌లోకి పోయి తేదీ వెతికేలోపు పొయ్యి మీద పాలు పొంగిపోతాయి. పైగా అత్త ఫోన్ చూడదు, చిన్నోడికి ఫోన్ లేదు, వాళ్లకి "ఇల్లు" క్యాలెండర్‌లో ఏముందో ఎట్ల తెలియాలి?

దానికి ప్రింట్. కంప్యూటర్‌లో గూగుల్ క్యాలెండర్ తెరిచి నెల వ్యూ పెట్టుకుని ప్రింట్ కొడితే నెలంతా ఒక కాగితం మీద వచ్చేస్తుంది, ఏయే క్యాలెండర్లు టిక్ పెట్టి ఉంటే అవే ప్రింట్ అవుతాయి, షాపుది తీసేసి ఇల్లు, తిథులు మాత్రం ఉంచుకోండి. ఫైల్‌గా దాచుకుని వాట్సాప్‌లో పంపితే రాజ్‌విహార్ దగ్గర జెరాక్స్ షాపుల్లో రూపాయల్లో తీసిస్తారు. అడ్డం కాగితం, అంటే ల్యాండ్‌స్కేప్, పెట్టమనండి, నిలువు కాగితం మీద తెలుగు పేర్లు సగానికి తెగిపోతాయి. రోజుకి మూడు కంటే ఎక్కువ ఈవెంట్లు ఉంటే కూడా గడిలో పట్టవు, పేర్లు పొట్టిగా రాసుకోవాలి. నెల మొదట్లో ఆ కాగితం గోడ క్యాలెండర్ పక్కనే అంటిస్తా. అన్నిటికంటే ఎక్కువ దాన్ని చదివేది మా అత్తే. "రేపు పెద్దపిల్లకి డ్రాయింగ్ పరీక్ష, రంగులు కొన్నావా?" అని ఆమె నన్ను అడుగుతుంది ఇప్పుడు. ఈ యాప్‌కి ఇచ్చిన ఎనిమిది మార్కుల్లో మూడు ఆ కాగితానివి.

జీమెయిల్‌కి వచ్చే హోటల్ బుకింగులు, విమానం టికెట్లు వాటంతటవే క్యాలెండర్‌లో చేరే ఏర్పాటు కూడా ఉంది, మాకు ఆ అవసరం పెద్దగా రాదు, వద్దనుకుంటే సెట్టింగ్స్‌లో ఆపేసుకోవచ్చు. పుట్టినరోజులు కాంటాక్ట్స్ నుంచి వస్తాయి, ఎప్పుడో తేదీతో సహా సేవ్ చేసి ఉంటే గ్యాస్ అతని పుట్టినరోజు కూడా చెప్తుంది.

డబ్బు పెట్టి వేరే యాప్ కొనాలా అని మా స్టాఫ్‌రూమ్‌లో అడిగినారు. నెలనెలా చందా కట్టే ప్లానర్ యాప్‌లు ఉన్నాయి, అందంగా ఉంటాయి, కానీ ఇంట్లో నలుగురు కలిసి వాడాలంటే నలుగురి ఫోన్లలో ముందే ఉన్నది మేలు. ఐఫోన్ వాళ్లకి కూడా ఇది దొరుకుతుంది. ఒక్కరే వాడుకునేదైతే, పెన్నుతో రాస్తేనే గుర్తుండే మనిషైతే, ఈ గొడవంతా లేకుండా ఒక డైరీ చాలు, అది మోగదు, వేరేవాళ్లకి కనపడదు, అంతే తేడా.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఒక మాట, పాత బిల్లులన్నీ ముందేసుకుని ఒకే రోజు అరవై ఈవెంట్లు ఎక్కించకండి. ఏ బిల్లు వస్తే ఆ రోజు, కట్టిన వెంటనే, వచ్చే ఏడాది తేదీకి పెట్టేయండి, రసీదు నంబర్, ఎక్కడ కట్టినారో వివరాల్లో రాయండి. ఏడాది తిరిగేసరికి అదే నిండుతుంది. ఇంట్లో ఎవరికైనా మార్చే అధికారం ఇస్తే పొరపాటున చెరిపేస్తారనే భయం కూడా అక్కర్లేదు, కంప్యూటర్‌లో సెట్టింగ్స్ గుర్తు నొక్కితే ట్రాష్ అని ఉంటుంది, చెరిపేసిన ఈవెంట్లు 30 రోజులు అందులో ఉంటాయి, తీసి మళ్ల పెట్టుకోవచ్చు. రిపీట్ ఈవెంట్ చెరిపేటప్పుడు మాత్రం "ఇది ఒక్కటేనా, దీని తర్వాతవి కూడానా, అన్నీనా" అని అడుగుతుంది, మా ఆయనకి చెప్పి పెట్టినా, ఆ ప్రశ్న వస్తే ఏదీ నొక్కకుండా ఫోన్ నాకివ్వమని.